నాచుపళ్ళ జెన్నీ తియ్యగా పిలుస్తుంది

శనివారం పొద్దున టామర్ పిల్లింగ్ తన గుమ్మం మెట్టు తోముతుంటే గుంటవరుస అనే ఇళ్ళ వరుసలో కుక్కలు కూడా దారి మార్చుకునేవి. మోకాళ్ళ కింద గోనెపట్టా వేసుకుని, పక్కన బకెట్టు నీళ్ళు పెట్టుకుని, గరుకు రాయితో మెట్టంతా తెల్లగా రుద్ది, అంచు వెంట పసుప్పచ్చ గీత దిద్దేదాకా ఆవిడ తలెత్తేది కాదు. లాంకషైర్ మిల్లు ఊళ్ళలో ఆడవాళ్ళందరూ మెట్లు తోముకుంటారు, అందులో వింతేం లేదు. కానీ టామర్ తోమినట్టు ఎవరూ తోమరు. తోమాక దాని మీద ఎవరైనా కాలు పెడితే వాళ్ళ ముందు మూడు తరాలనూ నిద్ర లేపి మరీ తిట్టేది.

ఆవిడకు ప్రపంచమంతా రోతే. పక్కింటివాళ్ళు ఆరేసిన దుప్పట్లు రోత, పాలవాడి గోళ్ళు రోత, చర్చిలో ముందు వరసలో కూర్చునే పెద్దమనిషి మెడ వెనక మడతలు రోత. అన్నిటికంటే పెద్ద రోత ఇళ్ళ వెనకున్న గుంట.

ఎప్పుడో రైతులు పొలాలకు బంకమట్టి కోసం తవ్వి వదిలేసిన గుంట అది. నీళ్ళు నిలిచి, నీళ్ళ మీద చిన్న చిన్న ఆకుల నాచు దట్టంగా పట్టింది. అల ఉండదు, చప్పుడు ఉండదు. కొత్తవాళ్ళు చూస్తే పచ్చిక బయలు అనుకుని నడిచిపోతారు. ఆ పచ్చదనం కిందే వరుసలో ఉన్నవాళ్ళందరి పాపాలూ ఉన్నాయి: రాత్రి కుండల నీళ్ళు, కుళ్ళిన బంగాళాదుంపలు, చచ్చిన పిల్లులు. చివరింటి బోటి కొట్టు ఎనాక్ క్లెగ్ అయితే ఆవు పొట్టలు గీకిన తెట్టంతా బకెట్లతో తెచ్చి అందులోనే కుమ్మరించేవాడు. ఎండ కాసిన రోజు అడుగునుంచి బుడగలు లేచి టప్పుమని పగిలేవి. ఆ కంపు ముక్కుతో ఆగకుండా నాలుక మీదికి కూడా వచ్చి కూర్చునేది.

వరుసలో ఆడా మగా మిల్లుకు పోతే వాళ్ళ పిల్లల్ని కనిపెట్టుకుని ఉండేది టామరే. అరవై దాటిన విధవ, సొంత పిల్లలు లేరు. పిల్లలు గుంట దగ్గరికి పోకుండా ఆవిడ దగ్గర ఒక్కటే మందు ఉండేది. అది నాచుపళ్ళ జెన్నీ.

జెన్నీని టామర్ కనిపెట్టలేదు. వాళ్ళమ్మ చెప్పింది, వాళ్ళమ్మకు వాళ్ళమ్మ చెప్పింది. నాచు కింద పడుకుని ఉంటుంది, జుట్టు పచ్చన, ఒళ్ళు పచ్చన, పళ్ళూ పచ్చనే. పొడుగాటి చేతులు. గట్టు మీదికి వచ్చిన పిల్లల మడమ పట్టుకుని లాగేస్తుంది. ఆ తర్వాత నాచు మళ్ళీ కప్పుకుపోతుంది, అక్కడ ఏమీ జరగనట్టు.

అమ్మలందరూ చెప్పే కథే, కానీ టామర్ చెప్పేటప్పుడు గొంతు వేరేగా ఉండేది. ఎందుకంటే వరుసలో ఎవరు పోయినా శవానికి స్నానం చేయించేది ఆవిడే. చాలా ఏళ్ళ కిందట కంసాలి హోవర్త్ గారి మూడేళ్ళ పిల్లాడు గుంటను పచ్చిక అనుకుని నడిచిపోయాడు. వాణ్ణి ఆవిడ బల్ల మీద పెట్టి కడిగింది. ఒళ్ళు కడగడం అయింది, జుట్టు అయింది, నోరు మాత్రం అవలేదు. ఎంత తీసినా ఆ పాలపళ్ళ సందుల్లోంచి నాచు వస్తూనే ఉంది. చివరికి పెదవులు మూసి గుడ్డ కట్టేసింది. ఆ రోజు ఇంటికొచ్చి మెట్టు తోమింది, మర్నాడూ తోమింది. అప్పట్నుంచీ తోముతూనే ఉంది.

అందుకే జెన్నీ కథకు ఆవిడ తన వంతుగా ఒకటి కలిపింది. కాస్త ఊహ తెలిసిన పిల్లలు, "చేతులు కనిపిస్తే పారిపోతాంలే అవ్వా," అంటుంటే వాళ్ళకు సరిపోయేట్టు కలిపింది.

"చేతులు కనపడనిస్తుందేంట్రా అది? ముందు పిలుస్తుంది. మీ అమ్మ గొంతుతో పిలుస్తుంది, మీ నాన్న గొంతుతో పిలుస్తుంది, అవసరమైతే నా గొంతుతో కూడా పిలుస్తుంది. నా మొహం కూడా పెట్టుకుంటుంది."

"మరి జెన్నీ అని ఎట్టా తెలుస్తుంది అవ్వా?"

"తియ్యగా పిలుస్తుంది. బంగారం అంటుంది, నా తల్లే అంటుంది, చెయ్యివ్వమంటుంది. తియ్యగా పిలిచిందంటే జెన్నీయే. మట్టిబెడ్డ పెట్టి కొట్టండి, పరిగెత్తండి."

బాగా ఆలోచించే కలిపింది. తెల్లవారకముందే మిల్లుకు పోయి, చెవుల్లో మగ్గాల మోతతో ఇంటికొచ్చే మనుషులు. ఆ వరుసలో పిల్లలతో తియ్యగా మాట్లాడే ఓపిక ఎవరికీ లేదు. టామర్‌కైతే మరీ లేదు. కాబట్టి తియ్యటి మాట వినపడిందంటే అది మనిషిది కాదని పసిపిల్లకైనా తెలిసిపోతుంది.

ఆ శనివారం మెట్టు తోమడం అయ్యాక టామర్ నడుం నిమురుకుంటూ లేచి చూస్తే, మెట్టుకు బెత్తెడు దూరంలో క్లెగ్ బకెట్టు కనిపించింది. గుంటకు మోసుకుపోతూ మధ్యలో ఎవరో పిలిస్తే అక్కడ దించి, అలాగే మర్చిపోయి, బండి కట్టుకుని సంతకు వెళ్ళిపోయాడు మహానుభావుడు. నిండా పొట్ట తెట్టు, పేగు ముక్కలు, గడ్డకట్టిన కొవ్వు. మీద ఈగలు. బకెట్టు అడుగు కారి, జిడ్డుచార ఒకటి మెల్లగా తెల్లటి మెట్టు వైపు పాకుతోంది.

బకెట్టు పక్కన క్లెగ్ కూతురు డోర్కాస్ నిలబడి ఉంది. ఆరేళ్ళ పిల్ల. బోటి కంపు ఆ పిల్ల గౌనులో, జుట్టులో, మాటలో కూడా ఉండేది. ముక్కు ఏడాది పొడుగునా కారుతూనే ఉండేది. పైపెదవి మీదికి దిగిన చీమిడిని నాలుక చాపి లోపలికి లాక్కునేది. టామర్ ఎన్ని పాపాలైనా క్షమించగలదు గానీ ఆ ఒక్కటి మాత్రం ఆవిడ వల్ల కాదు.

"ఛీ! నాలుకతోనా! మీ అయ్య పొట్టలు గీకుతాడు, నువ్వు ముక్కు నాకుతావు! ఇంత గుడ్డముక్క లేదంటే మీ కొంపలో?"

"ఉంది అవ్వా. దాంతో నాన్న కత్తి తుడుస్తాడు."

టామర్ మొహం పక్కకు తిప్పుకుంది. "అవతలికి పో. నా మెట్టు దరిదాపుల్లో కనపడ్డావంటే కాళ్ళు విరగ్గొడతా."

డోర్కాస్ పోయింది. కొంచెం దూరంలో ఆబెల్ అనే కుర్రాడూ ఇంకో నలుగురైదుగురు పిల్లలూ గోలీలు ఆడుతుంటే వాళ్ళ పక్కన నిలబడింది. వాళ్ళు చేర్చుకోలేదు, తరమనూ లేదు.

బకెట్టు మాత్రం అక్కడే ఉంది. క్లెగ్ సంత నుంచి వచ్చేదాకా దాన్ని అక్కడ ఉంచడం టామర్ వల్ల కాని పని. ఏళ్ళ తరబడి గుంటలో చెత్త పోసేవాళ్ళందరినీ నోటికొచ్చినట్టు తిట్టిన మనిషి, ఆ పూట తనే ఆ బకెట్టు తీసుకెళ్ళి గుంటలో పోసి వద్దామనుకుంది. ఇంకెక్కడ పోస్తుంది మరి? అందరూ పోసేది అక్కడే. తన ఆలోచనకు తనకే సిగ్గనిపించింది, అయినా బకెట్టు ఎత్తింది. కొంగు లాంటిది లేదు కాబట్టి ముందు కట్టుకున్న వంటగుడ్డ పైకి లాగి ముక్కుకు అదిమిపెట్టుకుంది. బకెట్టును చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుంది. మొహం అవతలి వైపుకు తిప్పేసుకుంది. అలా ఒక్క అడుగూ చూడకుండా ఇళ్ళ వెనక్కి నడిచింది.

గట్టు మీద క్లెగ్ ఎన్నేళ్ళుగానో కుమ్మరించిన కొవ్వు పేరుకుని ఉంది. దాని మీద టామర్ చెక్కబూటు పడింది. బకెట్టు ముందు పోయింది, దాని వెనకే ఆవిడా పోయింది.

తల మునిగింది. కళ్ళు తెరిస్తే పచ్చ చీకటి. అరుద్దామని నోరు తెరవడం ఆవిడ చేసిన తప్పు. గోరువెచ్చటి చిక్కటి నీళ్ళు నోట్లోకి వచ్చాయి. నీళ్ళతో పాటు నాచు వచ్చింది, నాచుతో పాటు మెత్తగా, జారుడుగా ఇంకేదో వచ్చింది. అది ఏమిటో ఆవిడకు తెలుసు. అంతకుముందే తను మోసుకొచ్చింది.

ఎలాగో తల పైకి తేలింది. కాళ్ళు మాత్రం అడుగు బురదలో మోకాళ్ళ దాకా దిగిపోయాయి. నీళ్ళు ఛాతీ దాకా ఉన్నాయి. చేతికి ఒక వేరు తగిలితే పట్టుకుంది, అది పాకుడు పట్టి వేళ్ళలోంచి జారిపోయింది. మళ్ళీ పట్టుకుంది. గట్టు చేతికందే దూరంలోనే ఉంది గానీ నిలువుగా, జిడ్డుగా ఉంది. ఒక కాలు పైకి లాగితే రెండో కాలు ఇంకాస్త దిగింది. నీళ్ళు భుజాలకొచ్చాయి.

వాంతి వచ్చింది. వాంతి చేసుకున్నది ఎటూ పోకుండా గెడ్డం ముందే తేలుతూ నిలబడింది. వెంట్రుకలు నాచుతో మొహానికి అంటుకుపోయాయి. నాలుకతో పళ్ళు తడుముకుంటే ప్రతి సందులోనూ ఆకులే. హోవర్త్ గారి పిల్లాడి నోరు గుర్తొచ్చింది. రేపు నన్ను బల్ల మీద పెట్టి కడిగేదెవరు, ఈ వరుసలో సరిగ్గా కడగడం ఎవరికొచ్చు అనుకుంది. ఆ ఆలోచనకు భయం నిలువెల్లా పట్టుకుంది.

"ఎవరన్నా రండి!" అని కేక పెట్టింది. మిల్లు మోతలో పెద్దవాళ్ళకు వినపడే కేక కాదది. పిల్లలకు వినపడింది. చెక్కబూట్ల చప్పుడు దగ్గరకొచ్చి గట్టుకు కాస్త దూరంలో ఆగింది. ఆబెల్ తల కనపడింది, వాడి వెనక మిగతా తలలు, అందరికంటే వెనక డోర్కాస్.

వాళ్ళు చూసింది ఏమిటంటే, నాచులోంచి లేచిన పచ్చటి తల. పచ్చటి జుట్టు. గట్టు వైపు చాచిన పొడుగాటి పచ్చటి చెయ్యి.

టామర్ ప్రాణాలన్నీ గొంతులోకి తెచ్చుకుంది. ఆ పిల్లల్ని ఇన్నేళ్ళు పెంచింది గానీ ఏనాడూ బతిమాలలేదు. ఇప్పుడు బతిమాలింది. చావు భయంలో మాట దానంతటదే మెత్తబడింది.

"ఆబెల్, నా బంగారు తండ్రీ! నా నాయనే! చెయ్యివ్వరా, నన్ను పైకి లాగరా, నీకు పుణ్యముంటుంది!"

నవ్వబోయింది కూడా, వాళ్ళు భయపడకూడదని. ఆకుపచ్చటి పళ్ళన్నీ బయటపడ్డాయి.

ఆబెల్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "బంగారం అంది," అన్నాడు గుసగుసగా. తర్వాత గొంతు చించుకుని అరిచాడు. "బంగారం అందిరోయ్! జెన్నీ! టామరవ్వ మొహం పెట్టుకుంది!"

మొదటి మట్టిబెడ్డ ఆవిడ చెంపకు తగిలింది, రెండోది నుదుటికి. తను నేర్పినట్టే కొట్టారు, తను నేర్పినట్టే కాళ్ళకు బుద్ధి చెప్పారు. వెనక్కి ఒక్కడు కూడా చూడలేదు. బాగా నేర్చుకున్నారు వెధవలు.

ఒక్క డోర్కాస్ మిగిలింది. దాని ధైర్యం ఏమీ లేదందులో. బురదలో చెక్కబూటు ఇరుక్కుపోయింది. కాలు లాగుతోంది, ఏడుస్తోంది, ఏడుపుతో ముక్కు రెండింతలు కారుతోంది.

"డోర్కాస్, నా చిట్టితల్లీ..."

పిల్ల కెవ్వుమని ఇంకా గట్టిగా కాలు లాక్కుంది. టామర్ నోరు మూసుకుంది. నీళ్ళు గొంతు దాకా వచ్చాయి, వేరు పట్టుకున్న వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఇక చెప్పేదేముంది? ఏం చెప్పినా జెన్నీ చెప్పినట్టే ఉంటుంది. ఊరికే ఆ పిల్ల మొహం చూస్తూ ఉండిపోయింది. పైపెదవి మీదికి చీమిడి దిగింది, ఇంకా దిగింది. డోర్కాస్ నాలుక బయటికొచ్చింది. ఆ నాలుక మెల్లగా పైకి వంగింది.

"ఛీ ఛీ ఛీ!" చచ్చిపోతున్న టామర్ పిల్లింగ్ గుంట దద్దరిల్లేలా అరిచింది. "నాలుకతో కాదే దరిద్రపు మొహమా! ఎన్నిసార్లు చెప్పాలే నీకు! నేను ఇక్కడ పీతిరి నీళ్ళలో చస్తుంటే నా కళ్ళ ముందే నాకుతావా! పంది నయం కదే! తుడుచుకో!"

డోర్కాస్ అలవాటుగా గౌను చేతితో తుడుచుకుంది. ఏడుపు ఆపింది. కళ్ళు చిన్నవి చేసి చూసింది.

"టామరవ్వా?"

"కాకపోతే మీ అయ్య ఉడకేసే ఆవునా!"

పిల్లకు ఇంకా నమ్మకం కుదరలేదు. తెలివైన పిల్లే, ఎవరూ ఏనాడూ కనిపెట్టలేదు గానీ. కాసేపు ఆలోచించి అడిగింది. "నేను మీ మెట్టు మీద నిలబడొచ్చా?"

"నిలబడ్డావంటే కాళ్ళు విరగ్గొట్టి పొయ్యిలో పెడతా!"

"అవ్వే!" అంది డోర్కాస్. బూటు వదిలేసి ఒంటికాలి బూటుతో కుంటుతూ పరిగెత్తింది. "అవ్వేరా! నన్ను తిట్టింది! ఆబెల్, అవ్వేరా!"

పిల్లలు తిరిగొచ్చారు గానీ దూరంగా ఆగారు. ఆబెల్ చేతిలో ఇంకా మట్టిబెడ్డ ఉంది. "నన్ను కూడా తిట్టు చూద్దాం," అన్నాడు.

"వారం కిందట కడిగిన మెడ, అదీ సగం! ఆ చెవుల్లో బంగాళాదుంపలు పండించొచ్చు! బెడ్డ కింద పడేసి ఏదన్నా కర్ర పట్రా, పనికిమాలిన వెధవా!"

ఆబెల్ బెడ్డ కింద పడేశాడు. ఈలోగా డోర్కాస్ వాళ్ళ కొట్టంలోకి పోయి ఒక పొడుగాటి కర్ర ఈడ్చుకొచ్చింది. చివర ఇనప కొక్కెం ఉంది. కాగే డేగిశాలోంచి ఆవు పొట్టలు పైకి తీసే కొక్కెం అది. దాని వంపులో నిన్నటి తెల్లటి బోటి ముక్క ఒకటి వేలాడుతోంది. కర్ర పొడుగునా జిడ్డు, వేళ్ళు పెడితే దిగబడేంత జిడ్డు.

ఆ కొక్కెం టామర్ మొహం ముందుకొచ్చింది. ఈ వరుసలో ఆవిడ ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్న వస్తువు ఏదైనా ఉందంటే అదే. అయినా తప్పలేదు. రెండు చేతులతో దాన్ని పట్టుకుని, జారిపోకుండా చెంప కూడా దానికి ఆనించి, కళ్ళు మూసుకుంది.

పిల్లలందరూ కర్ర అవతలి కొస పట్టుకుని లాగారు. లాగుతున్నంతసేపూ, "తిట్టవ్వా, ఆపకు," అని అరుస్తూనే ఉన్నారు. టామర్ ఆపినప్పుడల్లా వాళ్ళ పట్టు సడలిపోయేది. అందుకని ఒక్కొక్కడి గోళ్ళు, ముక్కులు, పేలు, పక్కతడుపులు అన్నీ ఏకరువు పెడుతూ, ఊపిరందకపోయినా తిడుతూ, బురదలోంచి ఒక కాలు, తర్వాత రెండో కాలు లాక్కుని, బొర్లా పడి గట్టు మీద కొవ్వులోంచి పాక్కుంటూ పైకొచ్చింది. చెక్కబూట్లు రెండూ గుంట మింగేసింది.

ఇంటి ముందు దాకా ఎలా నడిచిందో ఆవిడకు తెలియదు. తోమిన మెట్టు మీదే కూలబడింది. తెల్లటి మెట్టు మీద పచ్చటి రసం, పేగు ముక్కలు, బురద కారుతున్నాయి. ఆవిడ దాన్ని చూసింది. తన కంపు తనకే కొట్టింది. పిల్లలు అర్ధచంద్రాకారంలో నిలబడి, ముక్కులు మూసుకుని చూస్తున్నారు. ముక్కు మూసుకోనిది ఒక్క డోర్కాసే. ఆ కంపు ఆ పిల్లకు ఇల్లే కదా.

ఒక కాలికి బూటు లేదు. గౌను చెయ్యి చీమిడితో అట్ట కట్టి ఉంది. అరచేతులు కర్ర రాపిడికి కందిపోయాయి. ఈ పిల్లనా నేను ఇన్నాళ్ళూ తరిమింది అనుకుంది టామర్. గుండెలోంచి ఏదో పొంగుకొచ్చింది. ఆవిడకు అలవాటు లేనిది, ఎలా ఆపాలో తెలియనిది. ఆ పిల్లను దగ్గరికి తీసుకుని, ఆ ముక్కుతో సహా ముద్దు పెట్టుకోవాలనిపించింది. చెయ్యి చాచింది.

"నా తల్లే," అంది, "నా బంగారు తల్లే..."

డోర్కాస్ మొహం పాలిపోయింది. ఒక అడుగు వెనక్కి వేసింది. ఆబెల్ మెల్లగా వంగి నేల మీద బెడ్డ కోసం తడుముకున్నాడు. ఇంకో పిల్లాడు అప్పుడే పరుగుకు సిద్ధంగా పక్కకు తిరిగాడు.

టామర్ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. నాలుకతో పళ్ళు తడుముకుంటే నాచు ఇంకా అక్కడే ఉంది. వీలైనంత కటువుగా మొహం పెట్టింది.

"ఏంటే గుడ్లప్పగించి చూస్తున్నావు? ఆ ముక్కేంటి, ఆ కాలేంటి? నిన్ను చూస్తే అన్నం సయించదు కదే! కడుక్కుని లోపలికి తగలడు. బెల్లప్పాకం రాసి రొట్టె పెడతాను, మింగి చావు."

డోర్కాస్ మొహం విప్పారింది. కడుక్కోకుండానే, బురద కాలితో, ఆవిడ పక్కనుంచే మెట్టెక్కి లోపలికి నడిచింది.

ఆ పూట టామర్ పిల్లలందరినీ పేరుపేరునా తిట్టి లోపలికి పిలిచింది. ఒక్కొక్కడికీ రొట్టె చేతిలో పెడుతున్నప్పుడల్లా ఒక మంచి మాట పెదవి దాకా వచ్చేది. అంటే పారిపోతారు. అందుకని ఇంకో తిట్టు వెతుక్కునేది.